పెట్టె ఇంజనూ, కాదు బాబాయీ

మా బాబాయి ఏ విషయం మీద నోరు తెరిచినా ముందు వచ్చే మాట "కాదు". అభిప్రాయం తరవాత వస్తుంది. ఆ అభిప్రాయం అక్షరాలా మనదే కావచ్చు, మనం చెప్పిన మాటే ఆయన తిరిగి మనకు అప్పజెప్పవచ్చు. అయినా సరే, గుమ్మంలో నిలబడ్డ "కాదు" అనే కాపలావాణ్ణి పలకరించకుండా ఆయన నోట్లోంచి ఏ మాటా బయటికి రాదు.

"ఎండగా ఉంది బాబాయ్."

"కాదు, వేడిగా ఉంది."

"ఇవాళ ఆదివారమేగా?"

"కాదు, నిన్న శనివారం."

ఒకసారి జ్వరమొస్తే డాక్టరు ఇంటికొచ్చి, నాలిక చూపించమన్నాడు. "కాదు, ముందు నాడి చూడండి," అన్నాడు బాబాయి. సరేనని డాక్టరు తన చెయ్యి పట్టుకోబోతే, "కాదు, నాలిక చూస్తానన్నారుగా," అని నోరు తెరిచాడు. డాక్టరు మందులు రాసిచ్చి, గుమ్మం దాటుతూ మా పిన్నితో మెల్లగా అన్నాడు: "జ్వరం తగ్గుతుందమ్మా. మిగతాదానికి నా దగ్గర మందు లేదు."

ఇది అహంకారం వల్ల వచ్చిన గుణమని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళం మాకు తెలుసు, దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. "ప్రతి మాటకీ ఎదుటి పక్షం ఒకటుంటుందిరా," అని బాబాయి నాకు చిన్నప్పుడే ఉపదేశించాడు. "మాటన్నవాడికి వాడు ఉన్నాడు. ఆ ఎదుటి పక్షానికి ఎవరున్నారు? పాపం, దిక్కులేనిది. అందుకని నేనుంటున్నా. ఫీజు కూడా పుచ్చుకోవడం లేదు."

"మరి వాళ్ళన్నదే నిజమైతే బాబాయ్?"

"కాదు. నిజమైతే మాత్రం? నిజానికి ఇంకో నలుగురు తోడుంటారు."

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన పాత కార్లకు ప్రాణం పోస్తుంటాడు. అవి మామూలు కార్లు కావు. నేలకు ఆనుకుని, ముక్కు ముందుకు చాచి, నిలబడి ఉన్నప్పుడు కూడా ఎవరో తరుముతున్నట్టు కనిపించే వేగం కార్లు. వాటి యజమానులకు ఆయన గుణం తెలుసు. తెలియనివాడొకడు వచ్చి, "బ్రేకులు పట్టడం లేదండీ," అన్నాడు. "కాదు, మీరు తొక్కడం లేదు," అని ఆయన కారు కిందికి దూరాడు. అరగంటకు బయటికొచ్చి, "కాదండీ, మీరు తొక్కుతూనే ఉన్నారు. గొట్టం కారుతోంది," అన్నాడు. ఎవరి మాటా దొరకనప్పుడు ఆయన తన మాటకే ఎదురు చెప్పుకుంటాడు. ఎదుటి పక్షానికి వకీలుగా ఆయనకు అంత నిష్ఠ.

ఇలాంటి మనిషితో కాపురం చెయ్యడానికి మా పిన్ని ఒక భాష కనిపెట్టింది. అది తెలుగే, కాకపోతే తిరగేసిన తెలుగు. సినిమాకు వెళ్ళాలనిపిస్తే, "ఇవాళ తలనొప్పిగా ఉందండీ, సినిమాలూ అవీ వద్దు," అనేది. "కాదు, వెళ్దాం పద. గాలి తగిలితే తగ్గుతుంది," అనేవాడు బాబాయి. కొత్త చీర కావలసినప్పుడు ఉన్న చీరల్ని మెచ్చుకునేది. కూర బాగా కుదిరిన రోజున, "ఇవాళ చెడగొట్టానండీ," అని కంచంలో వడ్డించేది. "కాదు, అమోఘం," అని ఆయన మారు అడిగేవాడు. ఇంటిల్లిపాదీ ఆ భాషే నేర్చుకున్నాం. తిరగేసి అడిగితే చాలు, దక్కని కోరిక ఉండేది కాదు.

అలవాటు ముదిరితే ఏమవుతుందో ఒకసారి రుజువైంది. మధ్యాహ్నం పూట ఒక పెద్దమనిషి కారు తీసుకెళ్ళడానికి వచ్చాడు. పిన్నికి ఆయన్ని భోజనానికి ఉంచాలనిపించింది. "ఎండ ముదరకముందే వెళ్ళిపోండి అన్నయ్యగారూ, ఇక్కడేం ఉంది తినడానికి," అంది, భర్త "కాదు, కూర్చోండి" అంటాడన్న ధీమాతో. భర్త స్నానాలగదిలో ఉన్నాడు. పెద్దమనిషి తెల్లబోయి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. తడి తలతో బయటికొచ్చిన బాబాయి సంగతి విని, "కాదు, ఆయనకి ఆకలి లేదేమోలే," అని పిన్నిని ఓదార్చాడు.

ఇక మా అక్క. అక్క పళ్ళ డాక్టరు. పొద్దంతా జనం నోళ్ళు తెరిపించి చూస్తుంది. సాయంత్రమయ్యేసరికి బాబాయి షెడ్డుకు వచ్చి తన కారు బానెట్ తెరిపించి చూస్తుంది. తుప్పుపట్టిన డొక్కుగా కొన్న రెండు తలుపుల పాత రేసు కారది. ఏళ్ళ తరబడి ఒక్కొక్క ముక్కే బాగు చేసుకుంటూ వచ్చింది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబడ్డ ఇంజన్. "మనుషుల నోటికీ దీనికీ తేడా ఏమిటే?" అని నేనడిగితే, "ఇది అరవదు," అంది. అది పచ్చి అబద్ధం. యాక్సిలరేటర్ సగం తొక్కేదాకా అది మర్యాదస్థుడిలా గొణుగుతుంది. సగం దాటగానే గొంతు మారిపోయి, వీధిలో కిటికీ అద్దాలన్నీ పలికేలా ఒక్క కేక పెడుతుంది. ఆ గొంతు మారే క్షణం కోసమే అక్క బతుకుతోందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడు అక్కకు కొండ రేసులో పోటీ చేసే అవకాశం దక్కింది. కార్లు ఒక్కొక్కటే కొండ కింద నుంచి పైకి, మలుపులు తిరుగుతూ, గడియారంతో పోటీపడి ఎక్కే పందెం అది. కొద్దిమందినే తీసుకుంటారు. ఏటా దరఖాస్తు పెట్టడం, ఏటా వచ్చే ఏడు చూద్దామనిపించుకోవడం అక్కకు అలవాటైపోయింది. ఈసారి రమ్మన్నారు. ఆ వార్త వచ్చిన రోజు అక్క ఒక పేషెంటుకు కుడివైపు పన్ను బదులు ఎడమవైపు పన్ను తట్టి, "నొప్పిగా ఉందా?" అని సంతోషంగా అడిగిందట.

రేసు ఇంకా నెల ఉందనగా ఇంజన్ పోయింది. సాధన చేస్తూ ఒక మలుపు తిరుగుతుంటే ఆయిల్ ఒత్తిడి చూపించే ముల్లు కిందికి పడిపోయింది. అక్క చూపు మలుపు మీద ఉంది. మలుపు అద్భుతంగా వచ్చింది. ఆ వెంటనే ఇంజన్లో ఎవరో సుత్తి పుచ్చుకుని, తలుపు తియ్యమని కొడుతున్నట్టు చప్పుడు. తాడు కట్టి లాక్కొచ్చాం. దారి పొడుగునా అక్క ఆ ముల్లునే చూస్తూ కూర్చుంది. షెడ్డు ముందు దిగి, "చచ్చిపోయింది బాబాయ్," అంది.

"కాదు," అన్నాడు బాబాయి. ఆ ఒక్కసారి ఆ మాట వినడానికి మాకందరికీ ఎంత బాగుందో!

మర్నాడు ఇంజన్ దింపి, గొలుసుకు వేలాడదీసి విప్పాం. ఆ పనిలో ఆయనకు తోడు లేతు మామయ్య. బాబాయికి చిన్ననాటి నేస్తం, పక్క వీధిలో ఇనుము చెక్కే లేతు మిషన్ షాపు పెట్టుకుని సిలిండర్లు బోరు కొడతాడు, అంటే లోపలి గోడలు తొలిచి నున్నగా చేస్తాడు. లోపల చూస్తే, బేరింగులు కరిగి మైనంలా సాగాయి. పిస్టన్లన్నిటినీ తిప్పే ఇనుప ఇరుసు, అదే క్రాంకు షాఫ్టు, దాని మీద గాడులు పడ్డాయి. రెండు సిలిండర్ల గోడల మీద గోళ్ళతో రక్కినట్టు గీతలు.

ఇప్పుడు ముందున్న దారులు రెండు. ఒకటి, పెట్టె ఇంజన్. ఫ్యాక్టరీలోనే పూర్తిగా బిగించి, పరీక్ష చేసి, చెక్కపెట్టెలో పంపే కొత్త ఇంజన్. పెట్టె తెరవడం, కారులో కూర్చోబెట్టడం, తాళం తిప్పడం. బలం ఎక్కువ, బెంగ తక్కువ, గ్యారంటీ కూడా ఉంటుంది. కాకపోతే అది వేరే జాతిది. బరువెక్కువ, గొంతు వేరు. రెండోది, ఉన్నదాన్నే తిరిగి కట్టడం. సిలిండర్లు బోరు కొట్టి, కొంచెం పెద్ద పిస్టన్లు వేసి, ఇరుసు అరగదీసి నున్నగా చేసి, అన్నీ మళ్ళీ బిగించడం. గొంతు అదే ఉంటుంది. కానీ మధ్యలో ఏది తేడా వచ్చినా రేసు ముగిసిపోయాక ఇంజన్ తయారవుతుంది.

అక్కకు ఏది కావాలో చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రం నన్ను పక్కకు లాగి, "నాకు నా ఇంజనే కావాలిరా," అంది. "అందుకని రేపు నేను పెట్టె ఇంజనే కావాలని పట్టుబడతా. నువ్వూ నా వైపే మాట్లాడు."

"నీ వైపంటే ఏ వైపు?"

"నోరు మూసుకుని పెట్టె ఇంజన్ అను."

మర్నాడు షెడ్డులో సభ జరిగింది. బాబాయి తలకిందులుగా పెట్టిన బకెట్ మీద కూర్చున్నాడు. అక్క గొంతు సవరించుకుంది.

"బాగా ఆలోచించాను బాబాయ్. పెట్టె ఇంజనే తెప్పిద్దాం."

"కాదు, దీన్నే కడదాం."

నేను నవ్వు దిగమింగి, "కొత్తదైతే గ్యారంటీ ఉంటుందిగా బాబాయ్," అన్నాను.

"కాదు. గ్యారంటీ కాగితాన్ని సిలిండర్లో వేస్తే తిరుగుతుందిరా?"

పథకం పట్టాల మీద పరిగెత్తుతోంది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ అక్క మనసు తెలిసినవాళ్ళు మేమిద్దరమే కాదు. టీ గ్లాసులతో వచ్చిన పిన్ని, ఎవరూ అడక్కుండానే, "పాత ఇనుముతో ఇంకా ఎన్నాళ్ళండీ, శుభ్రంగా కొత్తది తెప్పించండి," అంది. అదే సమయానికి లేతు మామయ్య వచ్చాడు. ఇలాంటి బ్లాకు, అంటే సిలిండర్లున్న ఇనుప దిమ్మ, తన మిషను ఎక్కాలని ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఆయన కూడా చిన్నప్పట్నించీ బాబాయి స్నేహితుడు, భాష రాకుండా ఎలా ఉంటుంది? "నా వల్ల కాదురా బాబూ," అన్నాడు. "ఈ బ్లాకు బోరు కొట్టాలంటే నా మిషను ఒప్పుకోదు. పెట్టె ఇంజనే పెట్టు."

"కాదు, నీ మిషను ఒప్పుకుంటుంది. నువ్వే బద్ధకిస్తున్నావు."

"కాదులేరా, నిజంగానే!"

"ఏరా, నా మాట నువ్వంటున్నావేంటి?"

అందరం ఒకే వైపు ఉన్నామని అందరికీ తెలియదు. ఎవరికి వాళ్ళు తామొక్కరే అక్కను గట్టెక్కిస్తున్నామన్న ఉత్సాహంలో పడ్డారు. పిన్ని పెట్టె ఇంజన్ శుభ్రతను పొగిడింది. మామయ్య దాని గుర్రపు బలం పొగిడాడు. నేను చెక్కపెట్టె చెక్క నాణ్యతను సైతం పొగిడాను. మా పాండిత్యం చూసి అక్కకూ ఊపొచ్చింది. "అసలు ఈ పాత ఇంజన్లో ఏముంది బాబాయ్? ఒట్టి కేకలు! నాకు పోటీలో గెలవాలని ఉందిగానీ పాటలు వినాలని లేదు," అని ఎవరూ రాసివ్వని ప్రసంగం చేసింది. చప్పట్లు కొట్టాలనిపించింది.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. మా అందరి మొహాలూ వరసగా చూశాడు. చేతులు తుడుచుకున్నాడు. లేచాడు.

"సరే," అన్నాడు.

షెడ్డులో స్పానర్ ఒకటి కింద పడింది. ఎవరి చేతిలోంచి పడిందో ఇప్పటికీ తెలియదు. పిన్ని గబగబా వెళ్ళి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. లేతు మామయ్య బకెట్ మీద కూలబడ్డాడు. నేను పుట్టి బుద్ధెరిగాక మా బాబాయి నోట ఆ మాట వినలేదు. వినవలసివస్తే అది ఇలాంటి చోట, ఇలాంటి విషయం మీద కావాలా?

"సరే... అంటే... ఏది సరే బాబాయ్?" అంది అక్క.

"పెట్టె ఇంజన్. ఇంతమంది చెప్పాక ఇంకా ఎదురు చెప్పడం మూర్ఖత్వం. ఇప్పుడే ఫోన్ చేస్తా."

"పోనీ... ఇంకోసారి ఆలోచిద్దామా? పాతదే..."

"కాదమ్మాయ్. ఒట్టి కేకలని నువ్వే అన్నావుగా. చక్కగా చెప్పావు. నా కళ్ళు తెరుచుకున్నాయి."

ఇంతకాలం ఎన్ని అబద్ధాలు చెప్పినా ఫలితం నిజంగా ఉండేది. ఈసారి అబద్ధం చెబితే అబద్ధమే ఫలించింది. బాబాయి ఫోన్ చెయ్యడానికి ఇంట్లోకి వెళ్ళగానే అక్క మా మీద విరుచుకుపడింది. "మిమ్మల్ని ఎవరు మాట్లాడమన్నారు?" అని పిన్నిని అడిగింది. "నీ కోసమే కదే తల్లీ," అంది పిన్ని. "నేనూ దానికోసమే," అన్నాడు మామయ్య నీరసంగా. అప్పటికి గానీ నలుగురం కలిసి ఏం చేశామో మాకు అర్థం కాలేదు. వెనక్కి తగ్గుదామంటే, ఇన్నేళ్ళుగా తిరగేసిన భాషలో బాబాయిని ఆడిస్తున్నామని ఆయన ముందే ఒప్పుకోవాలి. అంత ధైర్యం ఎవరికుంది?

ఆ మధ్యాహ్నమే బాబాయి పాత ఇంజన్‌ను బండి ఎక్కించాడు. "తుక్కుకి," అన్నాడు. అక్క ఆ వేళకు రోడ్డుకు అటు పక్క ఏదో ముఖ్యమైన కాకిని చూస్తున్నట్టు నిలబడింది.

"పెట్టె వచ్చేదాకా ఇక్కడ నీకేం పని?" అన్నాడు బాబాయి అక్కతో. "నా కారు తీసుకో. రోజూ పొద్దున్నే కొండ రోడ్డెక్కు."

"మీ కారా? అది ఎక్కుతుందా?"

"కాదు, ఎక్కిస్తే ఎక్కుతుంది."

ఆయన సొంత కారు సంగతి చెప్పాలి. ఊళ్ళోవాళ్ళ కార్లన్నిటికీ రెక్కలు కట్టే మనిషి సొంతానికి ఒక ముసలి డబ్బా నడుపుతాడు. కొండ ఎక్కేటప్పుడు దాన్ని సైకిళ్ళవాళ్ళు దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తారు. అక్క మొదటి రోజు ఏడుపు మొహంతో వెళ్ళింది. రెండో రోజు విసుగ్గా వెళ్ళింది. వారం తిరిగేసరికి భోజనాల దగ్గర ఉప్పు గిన్నె, నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టి మలుపులు చూపించడం మొదలెట్టింది. "ఈ బండితో ఒక్క మలుపులో తప్పుగా తిరిగితే పోయిన ఊపు మళ్ళీ రాదురా. చచ్చినట్టు సరిగ్గా తిరగాల్సిందే," అంది. నీళ్ళ గ్లాసు దగ్గర మాత్రం ఎప్పుడూ ఆలస్యంగా బ్రేకు వేస్తానని బాధపడేది. గ్లాసులో నీళ్ళు నేను తాగేస్తే కోప్పడేది.

ఆ రోజుల్లోనే ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. లేతు మామయ్య అక్క కనబడితే చాలు, అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు సందులోకి తిరిగేవాడు. పిన్ని వంటింటి అరమీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది, ఎత్తబోతే చెయ్యి మీద ఒకటి వేసేది. బాబాయి చేతులకు కొత్త గ్రీజు వాసన. ఇవన్నీ చూసి కూడా నాకు ఏ అనుమానమూ రాలేదు. నాకు రహస్యం చెబితే వీధికి మైకు కట్టినట్టేనని వాళ్ళు ముందే తీర్మానించుకున్నారట. తరవాత తెలిసింది.

రేసు ఇంకో వారం ఉందనగా పెట్టె వచ్చింది. లారీ మీంచి దింపడానికే నలుగురు పట్టారు. నిలువెత్తు చెక్కపెట్టె, పక్కన బాణం గుర్తులు, "జాగ్రత్త" అన్న అక్షరాలు. అక్క క్లినిక్కు నుంచి తెల్లకోటు విప్పకుండానే వచ్చింది. మొహం మీద మర్యాదకోసం ఒక చిరునవ్వు తగిలించుకుంది, సంబంధం నచ్చని పెళ్ళికొడుకులా.

"తెరువమ్మాయ్," అని గునపం చేతికిచ్చాడు బాబాయి.

"మీరే తెరవండి బాబాయ్."

"కాదు, కారు నీది."

మేకులు కిర్రుమంటూ లేచాయి. పలక పక్కకు పడింది. లోపల ఊక, ఊకలో ప్లాస్టిక్ కాగితం. అక్క కాగితం లాగింది. లాగి, అలాగే నిలబడిపోయింది.

ఆరు సిలిండర్లు. ఒకే వరస. బ్లాకు పక్కన, ఒకప్పుడు అక్క స్పానర్ జారి పడ్డ సొట్ట, కొత్త రంగు కింద కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"ఇది..." అంది అక్క. "బాబాయ్, ఇది నాది!"

"కాదు," అన్నాడు బాబాయి అలవాటుగా. తరవాత సర్దుకుని, "ఆఁ, నీదే," అన్నాడు.

అక్క ఆ ఇంజన్ మీద రెండు చేతులూ వేసి నవ్వుతోంది, తెల్లకోటుకు నల్లటి గ్రీజు అంటుతోంది, పిన్ని "కోటు! కోటు!" అని అరుస్తోంది, మామయ్య నా వీపు మీద చరుస్తున్నాడు. "మీరు కొట్టారా బోరు?" అని అక్క అడిగితే, "అద్దంలా వచ్చింది. మొహం చూసుకోవచ్చు!" అన్నాడాయన, ఇన్నాళ్ళు బిగబట్టిన ఊపిరంతా వదిలేస్తూ. "వాల్వులు ఇన్నాళ్ళూ మా వంటింట్లోనే ఉన్నాయి, అప్పడాల పక్కన," అంది పిన్ని గర్వంగా.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్! మూడు వారాలు ఏడిపించారు!"

బాబాయి బకెట్ మీద కూర్చున్నాడు. "ఆ రోజు బండి వెళ్ళింది మామయ్య షాపుకే. క్రాంకు షాఫ్టులో పగులుందో లేదో అప్పటికి తెలీదమ్మా. పగులుంటే ఆ ఇంజన్ ఇక లేవదు. ఇనుపరజను చల్లి, అయస్కాంతం పెట్టి చూడాలి. పగులుంటే రజను గీత కట్టేస్తుంది. వీడు చూసి లేదనేసరికి వారం పట్టింది. ఉండుంటే ఈ పెట్టెలో నిజంగానే కొత్తది వచ్చేది, ఫ్యాక్టరీవాళ్ళతో మాట్లాడి పెట్టాను. నీకు ముందే చెబితే రోజూ ఇక్కడ కూర్చుని నా మొహం వంక చూసేదానివి. నీ మొహం చూసి నా చెయ్యి వణికేది. దారెవరు నేర్చుకుంటారు? కొండొచ్చి నీ క్లినిక్కులో కూర్చుంటుందా?"

"నాకు పాతదే కావాలని మీకెలా తెలుసు? నేను అంత గట్టిగా..."

"నీ నోరు గట్టిగానే అంది. నీ చెయ్యి మాత్రం గుడ్డ పుచ్చుకుని, మాట్లాడినంతసేపూ పాత బ్లాకుని తుడుస్తూనే ఉంది. నేను ఎదురు చెప్పేది నోళ్ళకేనమ్మా. చేతులకి ఎప్పుడూ చెప్పలేదు."

పిన్ని చూపు ఒక్కసారిగా పదునెక్కింది. "ఏమండీ, అయితే మేం తిరగేసి మాట్లాడుతున్నామని మీకు తెలుసా?"

"కాదు. పెళ్ళైన ఏడాదే తెలిసిపోయింది."

"మరి ఇన్నేళ్ళూ?"

"నువ్వు సినిమా వద్దన్నప్పుడల్లా గబగబా వెళ్ళి జడ వేసుకుని వచ్చేదానివి. తెలియకుండా ఎలా ఉంటుంది?"

పిన్ని మూతి ముడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల్నుంచి చాలాసేపు నవ్వు వినపడుతూనే ఉంది.

మర్నాటికి ఇంజన్ కారులో కూర్చుంది. అక్క తాళం తిప్పింది. ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి అందుకుని, ఆరు సిలిండర్లూ ఒక్క తాళానికి నడవడం మొదలుపెట్టాయి. లేతు మామయ్య నీళ్ళగ్లాసు తెచ్చి ఇంజన్ మీద పెట్టాడు. నీళ్ళు కదల్లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు మాత్రం కదిలాయి. కొత్తగా కట్టిన ఇంజన్‌ను మొదట్లో మెల్లగా తిప్పి అలవాటు చెయ్యాలి కాబట్టి, మూడు రోజులు అక్క దాన్ని అత్తవారింటికి కొత్తగా వచ్చిన కోడలిని నడిపినట్టు ఊరంతా నడిపించింది. నాలుగో రోజు ఊరవతల రోడ్డు మీద యాక్సిలరేటర్ సగం దాటించింది. గొంతు మారింది. పక్క సీట్లో ఉన్న నేను కూడా అరిచాను. ఎవరి గొంతు పెద్దదో తేలలేదు.

రేసు రోజు మేం నలుగురం కొండ మీద, ముగింపు గీత దగ్గర, తాడు పట్టుకుని నిలబడ్డాం. మలుపుల అవతల కార్లు కనబడవు, చప్పుడే వినపడుతుంది. ఒక్కొక్కటే వస్తున్నాయి. అక్క కారు బయల్దేరిందని మైకులో చెప్పగానే బాబాయి కళ్ళు మూసుకున్నాడు. కింద ఎక్కడో గొణుగుడు. గొంతు మారింది! మొదటి మలుపు, బ్రేకు, మళ్ళీ కేక. రెండో మలుపు. "గేరు మార్చింది," అన్నాడు మామయ్య. పిన్ని నా చెయ్యి పట్టుకుంది, ఆ గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. నీళ్ళగ్లాసు మలుపు దగ్గరకొచ్చేసరికి నేను ఊపిరి పీల్చడం మానేశాను. బ్రేకు చప్పుడు సరిగ్గా సమయానికి వినపడింది! ఆఖరి మలుపు తిరిగి అక్క కారు ఎర్రటి ముక్కు మా కళ్ళ ముందు పడింది, కొండంతా దద్దరిల్లింది, గీత దాటేసింది.

అక్కకు తన తరగతిలో మూడో స్థానం వచ్చింది. మొదటి ప్రయత్నంలో అది మామూలు విషయం కాదని మైకువాడే రెండుసార్లు చెప్పాడు. అక్క కారు దిగి, హెల్మెట్ తీసి, జుట్టు మొహం మీద పడుతుండగా పరిగెత్తుకొచ్చి బాబాయి చేతులు పట్టుకుంది.

"ఇదంతా మీ వల్లే బాబాయ్!"

"కాదు," అన్నాడు బాబాయి.

"అవును!" అన్నాం అక్కతో సహా మేం నలుగురం ఒక్కసారే. పక్కన తాడు పట్టుకున్న ముక్కూమొహం తెలియని ఇద్దరు కూడా మాతో కలిశారు. ఎదుటి పక్షం తరఫున ఇన్నేళ్ళు నిలబడ్డ మనిషికి, తన ఎదుట ఒక పక్షం ఇంత గట్టిగా నిలబడటం కొత్త. ఏదో అనబోయాడు. చేతులు విడిపించుకుని, చరచరా కారు దగ్గరకు పోయి, బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చేశాడు. బయటికి కనిపిస్తున్న రెండు చెవులూ ఎర్రగా ఉన్నాయి.

లోపల్నుంచి గొంతు వినపడింది.

"ఆయిల్ కొంచెం తగ్గినట్టుంది."

ఆయిల్ కొలిచే పుల్ల ఆయన చేతిలోనే ఉంది. పై గుర్తు దాకా తడి నిగనిగలాడుతోంది. ఎండలో మాకందరికీ స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

మేమెవరం ఎదురు చెప్పలేదు.